గోడకెక్కిన చందా

ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో తెలుగు పట్టణాల్లోను, కాస్త పెద్ద గ్రామాల్లోను నడిచిన గ్రంథాలయాలు, నాటక సమాజాలు, యువజన సంఘాలు, భజన మండళ్ళు, ఉద్యోగ సంఘాలు తమ ఖర్చులకు నిధి కూడబెట్టుకున్న మార్గాల్లో గోడ క్యాలెండరు ఒకటి. సభ్యత్వ రుసుము, చందా, సహాయార్థ నాటక ప్రదర్శన, లక్కీ డ్రా వంటివి దానికి ముందూ ఉన్నాయి, దానితో పాటూ నడిచాయి. అయితే డబ్బిచ్చినవారి చేతిలో ఏడాది పొడుగునా పనికొచ్చే వస్తువొకటి పెట్టి, ఆ వస్తువు మీదనే సంఘం పేరు అచ్చువేసి, మరుసటి ఏడు మళ్ళీ అదే గడప తొక్కడానికి దారి చేసుకున్న పద్ధతి వీటన్నిటిలో క్యాలెండరు ఒక్కటే. చందా పుచ్చుకున్న మనిషిని ఇంటివారు నెలకల్లా మరచిపోతారు గాని, వంటింటి గుమ్మం పక్క మేకుకు వేలాడే కాగితాన్ని రోజూ చూడక తప్పదు. ఈ సంగతి కనిపెట్టిన సంఘాలు దాని చుట్టూ ఒక వార్షిక కార్యక్రమాన్నే అల్లుకున్నాయి. శ్రావణంలో తీర్మానంతో మొదలై సంక్రాంతి నాటికి జమాఖర్చులతో ముగిసే ఆ కార్యక్రమం ఇప్పుడు దాదాపు కనుమరుగైంది.

ఆ అవసరం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే స్వచ్ఛంద గ్రంథాలయాల స్థితి చూడాలి. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, వేటపాలెంలో 1918లో సారస్వత నికేతనం వెలిశాయి. ఈ రెంటి నడుమ 1914లో బెజవాడలో ఏర్పడ్డ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, దాని వెనుక నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి తిరుగుడు కలిసి ఊరూరా పఠన మందిరాలు పుట్టించాయి. పెట్టుబడి ఒకసారి దొరికేది: ఎవరో స్థలమిచ్చేవారు, ఎవరో బీరువా ఇచ్చేవారు, దివంగతుల పేరిట పుస్తకాలు వచ్చేవి. దొరకనిది నెలనెలా తగిలే చిల్లర ఖర్చు. పత్రికల చందా, దీపం నూనె, ఆ తరువాత కరెంటు బిల్లు, తలుపు తీసి మూసే మనిషి జీతం, పెంకులు తిరగవేయించే కూలి వంటివాటికి దాతలు ముందుకు రారు. శిలాఫలకం మీద రాయించుకోదగిన ఖర్చులు కావవి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు, వాటికి ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఏర్పడ్డాయి గాని, ఆ సంస్థల కిందికి పోకుండా సొంతంగా నిలిచిన గ్రంథాలయాలకు పాత తిప్పలు తప్పలేదు. నాటక సమాజాలదీ అదే దారి. పరిషత్తు పోటీలకు తెరలు, దుస్తులు, రైలు ఖర్చులు కావాలి, టిక్కెట్ల మీద వచ్చేది హాలు అద్దెకు సరిపోతే గొప్ప.

క్యాలెండరు వ్యాపారంలో ఒక చిక్కు ఉంది, దానిని గమనించని సంఘం మొదటి ఏడే చేతులు కాల్చుకునేది. పుస్తకం ఈ ఏడు అమ్ముడుపోకపోతే పై ఏడు పోతుంది. క్యాలెండరుకు ఆ వెసులుబాటు లేదు. జనవరి మొదటి వారంలో దానికున్న గిరాకీ సంక్రాంతి వెళ్ళేసరికి సగానికి సగం పడిపోతుంది, శివరాత్రికి అది చిత్తుకాగితం. పైగా అచ్చుపనిలో మొదటి కాపీకే అసలు ఖర్చంతా పడుతుంది: అక్షరాలు కూర్చడం, బ్లాకు చేయించడం వందకైనా వెయ్యికైనా ఒకటే గనుక తక్కువ వేయిస్తే ఒక్కొక్కటి ఖరీదై కూర్చుంటుంది, ఎక్కువ వేయిస్తే మిగిలిపోతుంది. బ్లాకు అంటే బొమ్మనో సంతకాన్నో జింకు రేకు మీద ఆమ్లంతో చెక్కి చెక్కముక్కకు బిగించిన అచ్చుదిమ్మ. అనుభవమున్న కార్యదర్శులు ఈ రెండు ప్రమాదాలకూ కనిపెట్టిన విరుగుడు ఒకటే: అచ్చు ఖర్చు మొత్తం ప్రకటనల మీద ముందే రాబట్టుకోవాలి, ప్రకటనల సొమ్ము చేతికందాకనే అచ్చుకు బయానా ఇవ్వాలి, ఇళ్ళలో అమ్మగా వచ్చేదంతా నికరంగా నిధికి జమ కావాలి. ఈ నియమం తప్పి, అమ్మకం మీద నమ్మకం పెట్టుకొని ముందుగా అప్పు చేసిన సంఘాలకు క్యాలెండరు నిధి తేకపోగా ఉన్న నిధిని తినేసింది. చూడబోతే అది పేరుకు క్యాలెండరు అమ్మకమే గాని, లెక్కకు ప్రకటనల వ్యాపారం. ఆ మాట సర్వసభ్య సమావేశాల్లో ఎవరూ పైకి అనేవారు కారు.

ప్రకటనలిచ్చేవారు ఊళ్ళోని దుకాణదారులే. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, రైసు మిల్లు, మందుల షాపు, సినిమా హాలు, లారీ ఆఫీసు, వెండి బంగారు వర్తకుడు, కొత్తగా ప్రాక్టీసు పెట్టిన వైద్యుడు ఈ జాబితాలో ఏటా కనిపించేవారు. బొమ్మ కింద తేదీల కట్టకు పైనా కిందా ఉన్న జాగాను గళ్ళుగా విడగొట్టి, గడికి ఇంత అని ధర కట్టేవారు. తేదీల కట్టకు సరిగ్గా పైన ఉన్న పట్టీకి ధర హెచ్చు, ఎందుకంటే పన్నెండు నెలల కాగితాలు చింపినా ఆ పట్టీ అలాగే మిగులుతుంది. పన్నెండు కాగితాల క్యాలెండరైతే నెలకొక దుకాణం చొప్పున అమ్మేవారు; అందులో పెళ్ళిళ్ళ నెలలకు బట్టల కొట్లవారు, తొలకరికి విత్తనాల కొట్లవారు పోటీ పడేవారు, ఆషాఢం కాగితం ఎవరికీ అక్కర్లేక చివరికి అధ్యక్షుడి అల్లుడి కొట్టుకు అంటగట్టేవారు. పేచీలు కూడా ఇక్కడే పుట్టేవి. గాంధేయ సంప్రదాయంలో పుట్టిన గ్రంథాలయం బీడీ కంపెనీ ప్రకటన పుచ్చుకోవచ్చునా, సారా కాంట్రాక్టరు పేరు సరస్వతి బొమ్మ కింద వేయవచ్చునా అనే ప్రశ్నల మీద కార్యవర్గాలు రాత్రి పొద్దుపోయేదాకా వాదించుకునేవి. కంపెనీ పేరు వదిలి యజమాని పేరు మాత్రం ‘శుభాకాంక్షలతో’ అని వేయడం ఆ వాదాలకు దొరికిన రాజీ. ఆ రాజీ ఎంత నిజాయితీ గలదో చెప్పడం కష్టం గాని, ఆ కాగితం చూసిన ఊరివారెవరికీ ఆ యజమాని ఏ వ్యాపారం చేస్తాడో తెలియకపోలేదు.

బొమ్మ సంగతి వేరు. సంఘాలు సొంతంగా చిత్రకారుడి చేత బొమ్మ వేయించుకోవడం అరుదు. రంగుల అచ్చుకు కావలసిన యంత్రాలు చిన్న పట్టణాల్లో లేవు. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన రాతి అచ్చు ముద్రణాలయం దేవతల బొమ్మలను సామాన్యుల ఇళ్ళకు చేర్చాక గోడకు బొమ్మ తగిలించడం అలవాటైంది, ఆ అలవాటును క్యాలెండరు అందిపుచ్చుకుంది. తమిళ దేశంలోని శివకాశి ఆ సరుకుకు రాజధాని అయింది. కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొచ్చిన షణ్ముగ నాడార్, అయ్య నాడార్ 1920లలో అక్కడ ఆ పరిశ్రమకు నాంది పలకగా, పెట్టెల మీద అంటించే లేబుళ్ళ కోసం అచ్చు యంత్రాలు వచ్చాయి, లేబుళ్ళ యంత్రాలు క్రమంగా క్యాలెండర్ల యంత్రాలయ్యాయి. శివకాశికి చేరువలోని కోవిల్పట్టిలో స్థిరపడిన కొండయ్య రాజు (1898–1976), ఆయన శిష్యులు గీసిన లక్ష్ములు, మురుగన్లు, బాలకృష్ణులు తెలుగు ఇళ్ళలోనూ పూజలందుకున్నారు. ఇప్పటికీ శివకాశి ముద్రాపకులు తమిళ ఆడి మాసం పద్దెనిమిదో రోజున, అంటే ఆగస్టు తొలి రోజుల్లో, రాబోయే ఏడాది బొమ్మల ఆల్బములను విడుదల చేస్తారు. ఆ ఆల్బమును చంకన పెట్టుకొని ఏజెంట్లు దసరా నాటికి తెలుగు పట్టణాలకు చేరుకునేవారు. ఆల్బములోని ప్రతి బొమ్మకూ ఒక అంకె ఉండేది, కింద పేరు వేసుకోవడానికి ఖాళీ విడిచి ఉండేది. అంకె చెప్పి ఆర్డరిస్తే బొమ్మలు పార్సిలులో వచ్చేవి, పేరు, ప్రకటనలు, తేదీలు ఊళ్ళోని ప్రెస్సులో ఎక్కించుకునేవారు.

ఏ బొమ్మ కొనాలనేది కార్యవర్గం తేల్చవలసిన విషయాల్లో అన్నిటికన్నా సున్నితమైనది. భజన మండలికి చిక్కు లేదు, రాముడో వేంకటేశ్వరుడో నిశ్చయం. గ్రంథాలయానికీ యువజన సంఘానికీ ఆ సౌకర్యం లేదు. సభ్యుల్లో ముస్లిములు, క్రైస్తవులు ఉంటారు, దేవుడి బొమ్మ పట్టుకొని వారి ఇంటికి వెళ్ళలేరు, దేవుడి బొమ్మ లేకపోతే మిగిలిన ఇళ్ళలో సగం మంది పుచ్చుకోరు. ఈ సమస్యకు గాంధీ, నెహ్రూ, కాశ్మీరు లోయ, పూలసజ్జ పట్టుకున్న పసిపాప, 1967లో ప్రారంభమైన నాగార్జునసాగరం వంటి బొమ్మలు జవాబులయ్యాయి. రెండు రకాలు తెప్పించి, గుమ్మం చూసి బొమ్మ ఇచ్చిన సంఘాలూ ఉన్నాయి. దీనిని లౌక్యమనాలో లౌకికత అనాలో ఎవరి దృష్టి వారిది.

బొమ్మ కొన్నాక తేదీలు కావాలి, తేదీలంటే అంకెలు మాత్రమే కావు. తెలుగు ఇల్లు క్యాలెండరులో వెతికేది తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, పండుగ, మూఢం. వీటిలో రాహుకాలానికి సిద్ధాంతి అక్కర్లేదు; వాడుకలో అది వారాన్ని బట్టి స్థిరంగా ఉండేది, సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు అని పిల్లలు సైతం చెప్పగలిగేవారు. తిథి అలా కాదు. సూర్యుడి కన్నా చంద్రుడు పన్నెండు డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం ఒక తిథి. చంద్రుడి నడక ఒకే తీరున ఉండదు కాబట్టి తిథి నిడివి సుమారు 19 గంటల నుంచి 26 గంటల దాకా మారుతుంది, పగలు రాత్రి అనే భేదం లేకుండా ఎప్పుడైనా ముగుస్తుంది. పంచాంగంలో దానిని సూర్యోదయం లగాయతు ఘడియ విఘడియల్లో ఇస్తారు. ఘడియ అంటే 24 నిమిషాలు, అందులో అరవయ్యో వంతు విఘడియ. గడియారాలు వచ్చిన ఇళ్ళకు ఘడియలు పనికిరావు గనుక క్యాలెండరు కోసం వాటిని గంటలు నిమిషాల్లోకి మార్చి, ‘ఉ.’, ‘ప.’, ‘సా.’, ‘రా.’, ‘తె.’ అనే పొడి అక్షరాలతో ఉదయం, పగలు, సాయంత్రం, రాత్రి, తెల్లవారుజాము అని గుర్తు పెట్టాలి. చవితికీ చతుర్దశికీ ‘చ’ అని ఒకే అక్షరం వేస్తే సంకటహర చవితి ఉపవాసం మాసశివరాత్రికి పడుతుంది. దశమికీ ద్వాదశికీ ‘ద’ వేస్తే ఏకాదశి ముందో వెనకో తేలదు. అందుకే ‘చవి’, ‘చతు’, ‘దశ’, ‘ద్వా’ అని విడదీసి వేయడం ప్రూఫులు దిద్దేవాడి మొదటి పని.

ఇక్కడ మరో మెలిక ఉంది. ఇంగ్లీషు సంవత్సరం జనవరిలో మొదలవుతుంది, తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, పంచాంగం ఉగాదికి వెలువడుతుంది. క్యాలెండరు అచ్చు మాత్రం కార్తికం దాటకుండా పూర్తి కావాలి. కాబట్టి ప్రతి క్యాలెండరులోనూ రెండు తెలుగు సంవత్సరాలు ఇమడాలి: ఉదాహరణకు 1987 క్యాలెండరులో ఉగాది దాకా అక్షయ నామ సంవత్సరం, ఆ తరువాత అరవై ఏళ్ళ చక్రం మళ్ళీ మొదలై ప్రభవ. మొదటి మూడు నెలల సమాచారం చేతిలో ఉన్న పంచాంగంలోనే దొరుకుతుంది, తక్కిన నెలలకు ఇంకా అచ్చుకాని గణితం కావాలి. ఊరి సిద్ధాంతిని దీపావళికి ముందే ఆశ్రయించి, ఆయన తన రాతప్రతిలో గుణించి పెట్టుకున్నదాన్ని ఎత్తి రాయించుకునేవారు. ప్రతిఫలం చాలాచోట్ల తాంబూలంలో పెట్టిన దక్షిణ, సిద్ధాంతి పేరు కింద అచ్చువేయడం. ఆ పేరు వేయడంలో గౌరవంతో పాటు ముందుచూపూ ఉంది. ఆకాశంలో కనిపించే గ్రహస్థితిని బట్టి లెక్కించే దృగ్గణితానికి, పాత సిద్ధాంత గ్రంథాల సూత్రాలతో లెక్కించే పూర్వ పద్ధతికి కొన్ని ఏళ్ళు పండుగ ఒక రోజు తేడా వస్తుంది. పిడపర్తి వారి పంచాంగం ఒక మాట, మరొకరి పంచాంగం ఇంకో మాట చెప్పినప్పుడు జనం సంఘం కార్యదర్శిని నిలదీయకుండా, కింద పేరున్న సిద్ధాంతి గారింటికి వెళ్ళేవారు.

సెలవుల సంగతి ప్రభుత్వం చేతిలో ఉండేది. సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవుల ఉత్తర్వు ఏడాది చివరి నెలల్లో గాని వచ్చేది కాదు, అప్పటికి నవంబరు దాకా కాగితాలు అచ్చయి ఎండుతుండేవి. అందుకని సంఘాలు ఎరుపు తేదీలను పాత ఏడు చూసి ఊహించి వేసి, రంజాన్, బక్రీద్ పక్కన ‘చంద్ర దర్శనాన్ని బట్టి’ అని చేర్చి ఊరుకునేవి. ఆఫీసుల్లో పనిచేసేవారు ఊరి క్యాలెండరు నమ్మకుండా ఎరుపు తేదీల కోసం ప్రభుత్వ క్యాలెండరునే చూసేవారంటే కారణం అదే.

ప్రెస్సులో పని జరిగే తీరు ఈ తరానికి బొత్తిగా తెలియదు. సీసపు అచ్చులను ఒక్కొక్కటిగా గడుల పెట్టెలోంచి ఏరి కూర్చే కంపోజిటరు, కాలితో తొక్కి నడిపే ట్రెడిల్ అనే చిన్న అచ్చుయంత్రం, తడి ప్రూఫు మీద నీలి పెన్సిలు పట్టుకొన్న కార్యదర్శి, అంతే ఆ కర్మాగారం. తెలుగు కూర్పులో తలకట్టు, వత్తు విడివిడి ముక్కలుగా ఉండడం వల్ల పని నెమ్మది, ‘ర’ కింద ‘త’వత్తు జారితే ‘కార్తిక’ మాసం ‘కారిక’ అయి కూర్చుంటుంది. అంకెల కరువు మరీ విచిత్రమైనది. 31 రోజుల నెల ఒకటి కూర్చాలంటే ‘1’ అచ్చు 14 సార్లు, ‘2’ అచ్చు 13 సార్లు, ‘3’ అయిదు సార్లు కావాలి. ‘4’ నుంచి ‘9’ వరకు ఒక్కొక్కటీ, సున్నా కూడా, మూడేసి చాలు. పెద్ద సైజు అంకెలు చిన్న ప్రెస్సుల దగ్గర అన్నీ ఇంచుమించు సమానంగానే ఉంటాయి కాబట్టి, ఒకట్లూ రెళ్ళూ అయిపోయి, నాలుగుల దగ్గర నుంచి తొమ్మిదుల దాకా పెట్టెలో పనిలేక పడి ఉండేవి. అందువల్ల ఒకటి రెండు నెలలు కూర్చి అచ్చువేసి, అచ్చులు విప్పి గడుల్లో వేసుకొని, మళ్ళీ తరువాతి నెలలు కూర్చవలసి వచ్చేది. పైగా నల్లరంగు ఒక విడత, ఆదివారాలకూ పండుగలకూ ఎర్రరంగు మరో విడత. మధ్యలో రంగు పరిచే పళ్ళెమూ రోలరూ కిరోసిను పెట్టి తుడవాలి, రెండో విడతలో కాగితం వెంట్రుకవాసి జరిగితే ఎర్ర తేదీ గడి గీత మీద వాలుతుంది. పన్నెండు కాగితాలను ఒద్దికగా పేర్చి, పిన్నులు కొట్టి బొమ్మ కింద అతికించి, పైనా కిందా టిన్ను పట్టీ నొక్కించి, వేలాడదీసే కొక్కెం తొడిగితే సరుకు సిద్ధం. ఆ పట్టీ నొక్కించే పని మాత్రం డబ్బు మిగల్చడానికి సంఘం కుర్రవాళ్ళే రాత్రిళ్ళు కూర్చుని చేసేవారు. చేతులు కోసుకోని వాడు లేడని చెప్పవచ్చు.

తెలంగాణలో ఈ కాగితం మీద అంకెల సందడి మరికొంత ఎక్కువ. నిజాం రాజ్యంలో ప్రభుత్వ వ్యవహారమంతా ఫసలీ సంవత్సరంలో నడిచేది. ఫసలీ అంటే పంటల లెక్కను బట్టి, పన్ను వసూళ్ళ కోసం ఏర్పరచిన సంవత్సరం. అది అక్కడ ఆజూరు నెలతో అక్టోబరులో మొదలయ్యేది, క్రీస్తు శకానికి సుమారు 590 ఏళ్ళు వెనకబడి ఉండేది. ఉద్యోగికి ఫసలీ తేదీ, ముస్లిము ఇంటికి హిజ్రీ తేదీ, హిందువు ఇంటికి తిథి, రైలుకూ తపాలాకూ ఇంగ్లీషు తేదీ కావలసి వచ్చినందువల్ల ఒకే గడిలో నాలుగు లెక్కలు, రెండు మూడు లిపులు కలిసి ఉండేవి. 1948 తరువాత ఫసలీ అక్కడ క్రమంగా వాడుక తప్పింది. కోస్తాలోనూ అది రెవెన్యూ లెక్కల్లో మరోరకంగా, జులై నుంచి జూను వరకు, నిలిచి ఉండేది. శిస్తు, అడంగలు లెక్కలన్నీ ఫసలీ అంకెతోనే రాసేవారు గనుక ఊరి క్యాలెండరు తలకట్టులో ఆ అంకె లేకపోతే కరణం గారు దానిని ముట్టేవారు కారు. దేశానికంతటికీ ఒకటే లెక్క ఉండాలని మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడ్డ సంఘం సిఫారసు మీద 1957 మార్చి 22 నుంచి అమలులోకి వచ్చిన జాతీయ శక పంచాంగం ఆకాశవాణిలోనూ గెజిట్లలోనూ వినిపించింది, కనిపించింది గాని, ఏ సంఘమూ దానికోసం గడిలో చోటు వృథా చేయలేదు.

పంపకం మార్గశిరంలో మొదలయ్యేది. ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరి భుజాన చుట్టలుగా చుట్టిన క్యాలెండర్లు, ఒకరి చేతిలో రసీదు పుస్తకం పెట్టుకొని, వీధి తరువాత వీధి తిరిగేవారు. ధర ఒకటి అచ్చయి ఉండేది గాని దానిని కనిష్ఠమనే అనుకునేవారు. ఇచ్చినంత పుచ్చుకొని రసీదు రాయడం రివాజు, ఎక్కువ ఇచ్చినవారి పేరు పక్క ఇంట్లో చదివి వినిపించడం అంతకన్నా పెద్ద రివాజు. ఈ తిరుగుడులో సంఘానికి డబ్బుకు మించి దొరికినది ఏడాదికొక తనిఖీ. గ్రంథాలయంలో కొత్త నవలలు రావడం లేదేమని గృహిణి అడిగేది, కిందటేడు నాటకం మధ్యలో మైకు పోయిందని ముసలాయన గుర్తుచేసేవాడు, తీసుకున్న పుస్తకం తిరిగివ్వని ఇంటివారు పుస్తకాన్ని, చందాను ఒకేసారి చేతిలో పెట్టి తలుపు వేసుకునేవారు. సభలకు రాని ఆడవాళ్ళు సంఘం పని మీద తీర్పు చెప్పగలిగిన చోటు ఆ గుమ్మమొక్కటే. కార్యదర్శులు ఈ విమర్శలను మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించరు గాని, మరుసటి నెల కొత్త నవలలు రావడం వెనుక అవే ఉండేవి.

గోడకెక్కాక క్యాలెండరు ఇంటి లెక్కల పుస్తకమయ్యేది. పాలవాడు రాని రోజున అంకె మీద సున్న, చాకలికి వేసిన బట్టల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, పిల్లవాడికి జ్వరం తగిలిన రోజు, ఆవు కట్టిన తేదీ దాని అంచుల్లో చేరేవి. వెనకవైపు ఖాళీ విడిచిన సంఘం తెలివితక్కువది. రైళ్ళ వేళలు, తపాలా రుసుములు, వడ్డీ పట్టిక, 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాక అణాలను నయాపైసల్లోకి మార్చే పట్టిక అచ్చువేసిన క్యాలెండరుకు ఎన్ని కొత్తవి వచ్చినా చోటు పోయేది కాదు. ఏడాది ముగిశాక నున్నటి కాగితం బడి పుస్తకాలకు అట్టలయ్యేది, దేవుడి బొమ్మ అయితే కత్తిరించి పటం కట్టించేవారు. అటు చింపేసి, ఇటు కత్తిరించి, ప్రతి ఒక్కటీ ఇంత పూర్తిగా వాడుకున్నందువల్లనే ఆ క్యాలెండర్లు గ్రంథాలయాల అరల్లో సైతం దొరకవు. నిధి కోసం వాటిని అచ్చువేయించిన గ్రంథాలయాలే ఒక్కొక్క ప్రతి దాచుకోవాలని అనుకోలేదు.

ఈ పద్ధతి చచ్చిపోవడానికి సెల్‌ఫోనే కారణమని పరిపాటిగా అంటారు. కాలక్రమం ఆ మాటకు సాక్ష్యం చెప్పదు. 1980ల చివరి నుంచి కంప్యూటరు అక్షర కూర్పు, ఆఫ్‌సెట్ అచ్చు పట్టణాలకు చేరాయి. తక్కువ ప్రతులు సైతం తక్కువ ధరకు రంగుల్లో వేయించుకునే వీలు కలిగింది. అంతదాకా సంఘం క్యాలెండరులో ఒక గడి కొనుక్కున్న బట్టల కొట్టు యజమాని, మరికాస్త డబ్బు పెడితే క్యాలెండరు మొత్తం తన పేరిటే వేయించుకోవచ్చునని గ్రహించాడు, దానిని ఖాతాదారులకు ఉచితంగా పంచాడు. ఎరువుల కొట్టు, నగల దుకాణం, చిట్‌ఫండు, విత్తనాల డీలరు అదే బాట పట్టారు. ఆ విధంగా సంఘానికి ప్రకటనకర్త పోయాడు, పోటీదారు మిగిలాడు. ఊరికే వచ్చిన నాలుగు క్యాలెండర్లు గోడకుండగా అయిదో దానికి డబ్బులిచ్చే ఇల్లు లేకుండా పోయింది. పంచాంగం కోసం కొనదలచినవారికి వెంకట్రామా వారి క్యాలెండరు వంటివి, దేవుడి కోసం కొనదలచినవారికి తిరుమల తిరుపతి దేవస్థానం క్యాలెండరు ఉండనే ఉన్నాయి. ఫోను వచ్చేనాటికి ఊరి సంఘం క్యాలెండరు మంచం పట్టి చాలాకాలమైంది.

ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాల్లో మాత్రం అది ఇంకా బతికి ఉంది. ఏటా జనవరిలో మంత్రో కలెక్టరో క్యాలెండరు, డైరీ ఆవిష్కరించే ఫొటో జిల్లా పేజీల్లో తప్పనిసరి వార్త. వాటి ఖర్చు సభ్యత్వ రుసుములోంచి వస్తుంది, కాగితం సగం మేర నాయకుల ముఖాలతో నిండుతుంది, తేదీలు మిగిలిన జాగాలో సర్దుకుంటాయి. నిధి సేకరణగా మొదలైనది నిధి వినియోగంగా మారిందన్నమాట.

నిజమైన అవసరంతో ఇది నిలిచిన చోటు సముద్రాలకు ఆవల ఉంది. 1970ల నుంచి అమెరికా నగరాల్లో ఏర్పడుతూ వచ్చిన తెలుగు సంఘాలు, ఆలయాలు నిధుల కోసం వేసే క్యాలెండర్లకు హైదరాబాదు పంచాంగం పనికిరాదు. తిథి ముగిసే క్షణం ప్రపంచమంతటికీ ఒకటే అయినా ఆ క్షణాన షికాగోలో గడియారం, చలికాలంలో, మనకన్నా పదకొండున్నర గంటలు వెనక ఉంటుంది. ఉగాదికి సూర్యోదయాన పాడ్యమి ఉండాలి, వినాయక చవితికి మధ్యాహ్నం చవితి ఉండాలి అనే నియమాలను అక్కడి సూర్యుడికి అన్వయిస్తే కొన్ని పండుగలు ఒక రోజు ముందే వస్తాయి. మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం మళ్ళీ వెనక్కి తిప్పుతారు కాబట్టి వర్జ్యాలూ రాహుకాలాలూ ఆ మేరకు సవరించాలి. ఊరికొక గణితం కావలసి రావడంతో, ఉచితంగా క్యాలెండర్లు పంచే పెద్ద వ్యాపారులు ఆ జోలికి అంతగా పోలేదు. స్థానిక కిరాణా కొట్టు, ఇళ్ళ అమ్మకాల ఏజెంటు, దంతవైద్యుడు, పన్నుల లెక్కలు చూసే అకౌంటెంటు నెలకొకరు చొప్పున ప్రకటనలిస్తారు. సంఘం వాలంటీర్లు గుడి మెట్ల దగ్గర బల్ల వేసుకొని, రసీదు రాసి, చుట్ట చుట్టిన క్యాలెండరుకు రబ్బరు బ్యాండు తొడిగి ఇస్తారు. అచ్చు ఖర్చు ప్రకటనల మీద ముందే రాబట్టుకోవాలన్న పాత నియమం అక్కడ ఇంకా అమలులో ఉంది.